అసలుదా, నకిలీదా: బ్యాగులు చూసిన ముప్పై ఆరేళ్లు

పాత బ్యాగులు కొని అమ్మే వ్యాపారం ఇప్పుడు కోల్‌కతాలో పెరిగింది. ఖరీదైన విదేశీ కంపెనీ పేరున్న తోలు హ్యాండ్‌బ్యాగు అమ్మకానికి వస్తే, అది నిజంగా ఆ కంపెనీదేనా అని చూసి చెప్పేవాళ్లు కావాలి. ఆ పనిలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఈమధ్య మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. అందరూ ఒకటే అడిగారు: "సార్, మీరు చూడగానే చెప్పేస్తారట కదా. ఎలా?"

చూడగానే చెప్పిన సందర్భాలు నాకూ ఉన్నాయి. వాటిలో ఒకటి నేను చేసిన తప్పులన్నిట్లోకీ పెద్దది. ఆ తప్పు గురించీ, తరవాత చాలా ఏళ్లకు పైడమ్మ అనే ఆవిడ పేరూ బతుకుతెరువూ ఒక బ్యాగు మీద ఆధారపడినప్పుడు ఏం జరిగిందన్న దాని గురించీ రాస్తున్నాను. నేను ఎప్పుడు ఏ హోదాలో ఉన్నానో, ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారో వదిలేస్తున్నాను. వాటితో ఎవరికీ పని లేదు.

మా ఆవిడ విజయ స్కూల్లో లెక్కలు చెప్పేది. "మీకు తెలిసింది ఎక్కడైనా రాసి పెట్టండి" అని చాలాసార్లు అంది. రెండేళ్ల కిందట పోయింది. ఆమె ఉండగా రాయలేదు. ఉండి ఇది చదివితే విశేషణాలన్నీ కొట్టేసేది కాబట్టి వాటిని ముందే తీసేశాను.

చెకింగ్ బాబు

నేను పుట్టింది కోల్‌కతా రేవు పక్కన వాట్‌గంజ్‌లో. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో క్రేన్ మీద పని చేశాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్లో బెంగాలీ. కెమిస్ట్రీ చదివి, విదేశాలకు తోలు బ్యాగులు పంపే ఫ్యాక్టరీలో చేరాను. మొదట టాంగ్రాలో ఉండేది, తరవాత బంతలాకు మారింది. ఇరవై ఆరేళ్లు అక్కడే. కాగితాల మీద నా ఉద్యోగానికి పెద్ద పేరు ఉండేది గానీ, కుట్టేవాళ్లు మాత్రం చెకింగ్ బాబు అనే పిలిచేవారు.

తోలంటే ఒకప్పుడు ఒక పశువు ఒంటి మీది చర్మం. ముళ్లకంచె గీసుకున్న గీతలు, పురుగు కుట్టిన చోట్లు, మానిన పుండ్ల గుర్తులు దాని మీద ఉంటాయి. రంగు వేసినా లోపలి నుంచి తెలుస్తాయి. వాటిని వెతికి చుట్టూ సుద్దతో గీయడం నా మొదటి పని. కత్తిరించేవాళ్లు ఆ గీతలు తప్పించి కోసేవారు. బ్యాగు ముందు మూతకి, అంటే అందరి కళ్లూ పడే చోటికి, మచ్చ ఉన్న ముక్క వెళ్లిందంటే ఆ రోజు నాకు తిట్లే. పెద్ద కంపెనీలు ఆ విషయంలో ఎప్పుడూ రాజీ పడలేదు.

మా విభాగానికి పెద్ద బిమల్‌దా. మంచి అధికారి అని చెప్పలేను. సెలవు అడిగితే మూడు రోజులు మాట్లాడేవాడు కాదు. తన ఊరివాళ్ల తప్పులు ఆయనకు కనపడేవి కావు. ఒకరిని మెచ్చుకోగా ఇరవై ఆరేళ్లలో నేను వినలేదు. కానీ పని నేర్పాడు. చేరిన మొదటి వారంలో ఒక బ్యాగు చూసి "కుట్టు బాగాలేదు" అని నోటుబుక్కులో రాశాను. ఆయన చదివి పక్కన కూర్చున్నాడు.

"ఏం రావ్, నువ్వు ఇక్కడ చెకింగుకి వచ్చావా, హైకోర్టు జడ్జిగా వచ్చావా?"

"ఏమైంది దాదా?"

"బాగాలేదు అనేది నువ్వు అనుకున్నది. నువ్వు చూసిందేమిటి?"

"ఎడమ పక్క మూడు కుట్లు వదులుగా ఉన్నాయి."

"అది రాయి. కింద ఒక గీత గియ్యి. నువ్వేమనుకున్నావో గీత కింద రాయి. పైన రాయాల్సింది అయిపోకుండా కిందికి దిగావంటే నీ నోటుబుక్కు గంగలో పారేస్తాను."

అప్పటి నుంచీ గీత గీస్తూనే ఉన్నాను. గియ్యనిది ఒక్కసారి.

మిసెస్ ఘోష్ బ్యాగు

ఫ్యాక్టరీ వదిలాక పాత బ్యాగులు అమ్మే ఒక షాపులో చేరాను. కుర్రవాడైన యజమాని మొదటి రోజే తన పద్ధతి చెప్పాడు: "అనుమానం వస్తే నకిలీ అనేయండి. మనకేం నష్టం లేదు." షాపు వరకూ ఆ మాట నిజం. నష్టం ఎదుటివాళ్లకు ఉంటుందని అప్పుడు నాకు తట్టలేదు.

చేరిన మొదటి ఏడాదే మిసెస్ ఘోష్ వచ్చింది. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. భర్త ఏదో సమావేశానికి యూరప్ వెళ్లినప్పుడు తెచ్చిన బ్యాగు తీసుకొచ్చింది. ఆయన పోయి ఏడాదైందని, తను చిన్న ఇంటికి మారుతోందని చెప్పింది.

నేను పట్టీ దగ్గర కుట్టు చూశాను. ఏటవాలుగా ఉంది, ఒక్కో కుట్టు ఒక్కో పొడవు. పట్టీ మొదట్లో నాలుగు కుట్లకు దారమే వేరు. ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు ఎగుడుదిగుడు కుట్టును తిప్పికొట్టిన చెయ్యి నాది. నోటుబుక్కు తెరవకుండానే, ఇంకో ఇద్దరు కొనుగోలుదార్లు వింటూ ఉండగా, "నకిలీదండీ" అన్నాను.

"మా ఆయన ఆ కంపెనీ షాపులోనే కొన్నానని చెప్పారు" అంది.

"అలాగే చెప్తారండీ."

ఆవిడ బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. ఫొటోలు తీయడం షాపు అలవాటు గనక అవి మిగిలాయి.

నాలుగు నెలల తరవాత వేరే పని మీద మెటియాబ్రుజ్‌లో తోలు సామాను బాగు చేసే కరీమ్ చాచా దగ్గరికి వెళ్లాను. నకిలీ బ్యాగులు ఎలా ఉంటాయో మాట్లాడుకుంటూ ఆ ఫొటో చూపించాను. చాచా కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు.

"ఈ నాలుగు కుట్లు నావి. పట్టీ ఊడితే వేశాను. మిగతావి నావి కావు. వాటిని రెండు సూదులతో చేత్తో వేశారు. మిషను అలా వెయ్యలేదు. దీన్ని నకిలీ అన్న గాడిద ఎవడు?"

నేనే అన్నాను. అది నిజమైన బ్యాగు. మా ఫ్యాక్టరీలో మిషను కుట్టు తిన్నగా ఉంటే మంచిదని నేర్చుకున్నాను. చేతి కుట్టు ఊపిరి తీసుకున్నట్టు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. నా చదువే నన్ను తప్పుదారి పట్టించింది.

మర్నాడు మిసెస్ ఘోష్ ఇల్లు కనుక్కుని వెళ్లాను. బ్యాగు లేదు. నేను చెప్పిన రోజే పాత సామాన్లు కొనేవాడికి ఇచ్చేసిందట. జరిగింది చెప్పాను. క్షమించమన్నాను. ఆవిడ "కూర్చోండి, టీ పెడతాను" అంది. టీ తెచ్చాక అంది: "నాలుగు నెలలుగా ఆయనతో పోట్లాడుతున్నాను. ఇంకా ఏమేం అబద్ధాలు చెప్పారు అని. ఇవాళ్టితో మానేస్తాను. మీరు వచ్చి మంచి పని చేశారు."

నేను బ్యాగు గురించి ఒక మాటన్నాను. ఆవిడ దాన్ని భర్త గురించి విన్నది. ఈ పనిలోకి వచ్చేవాళ్లు అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఇదే. జిప్పులూ అచ్చులూ తరవాత.

అనుమానం ఉన్న బ్యాగును ఏం చెయ్యాలి

నన్ను ఎక్కువమంది అడిగేది ఇది. కొన్నాళ్ల కిందటే కొన్నదైతే బిల్లూ, డబ్బా, గుడ్డసంచీ ఏదీ పారేయకుండా అమ్మినవాళ్ల దగ్గరికి వెళ్లాలి. వెళ్లేముందు బ్యాగుకి పాలిష్ పెట్టకూడదు, లోపలి గుడ్డ చింపి చూడకూడదు. చూసేవాడికి కావాల్సిన సాక్ష్యం అంతా అందులోనే ఉంటుంది. ఒకరు చెప్పిన దాని మీద నమ్మకం కలగకపోతే ఇంకొకరికి చూపించాలి. "చెప్పలేను" అన్న చెకర్ని తక్కువగా చూడకండి. నా అనుభవంలో ఆ మాట అనగలిగినవాళ్లే మిగతా వేళల్లో నమ్మదగినవాళ్లు.

నకిలీదని తేలితే, అసలుదని చెప్పి అమ్మడం మోసం. నకిలీదని ముందే చెప్పి అమ్మినా, ఆ అచ్చు దాని మీద ఉన్నంతసేపూ చట్టం ఒప్పుకోదు. అసలుదని చెప్పి కానుకగా ఇవ్వడం కూడా నాకు నచ్చదు. ఇంట్లో ఉంచుకుని వాడుకోవడంలో తప్పేమీ లేదు. నకిలీ బ్యాగులో కూడా తాళాలు భద్రంగానే ఉంటాయి.

చాలామంది మర్చిపోయేది ఒకటుంది. నకిలీదని తెలిసిన వెంటనే ఎవరినో ఒకరిని అనడానికి మన నోరు సిద్ధంగా ఉంటుంది. అప్పుడు ఒక రోజు ఆగాలి.

సుజాత ఫోన్

విజయ పోయి అప్పటికి ఏడు నెలలు. నేను ఎవరి బ్యాగూ చూడటం లేదు. పుస్తకాలు చదువుతున్నాను, కానీ ఒకే పేజీ రెండుసార్లు. అప్పుడు సుజాత ఫోన్ చేసింది. నా నంబరు పాత షాపులో ఎవరో ఇచ్చారట.

ఆమె సాల్ట్‌లేక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. తండ్రి విజయనగరం నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు, చాలా కాలం కిందట పోయారు. తల్లి కమలగారు చివరి మూడేళ్లూ లేవలేని స్థితిలో ఉన్నారు. ఆయాలను ఇళ్లకు పంపే సెంటర్ ద్వారా పగటిపూట చూసుకోవడానికి పైడమ్మ వచ్చేది. తల్లి పోయాక సుజాత ఆవిడ వస్తువులు సర్దుతూ, తాను కానుకగా ఇచ్చిన ఖరీదైన బ్యాగును అమ్ముదామని షాపుకి తీసుకెళ్లింది. అక్కడ రెండు నిమిషాల్లో నకిలీ అన్నారు.

"అంకుల్, నేను కొన్నది ఒరిజినల్. పోయినేడు జిప్పు పోతే పైడమ్మే బాగు చేయిస్తానని తీసుకెళ్లింది. నాలుగు రోజులకు తెచ్చింది. మానే, అంటే అప్పుడే మార్చేసింది. నేను సెంటర్‌కి వెళ్లి చెప్పాను. ఇది తేలేదాకా ఆమెకు ఎక్కడా డ్యూటీ ఇవ్వమన్నారు."

"ఎన్నాళ్లైందమ్మా?"

"ఇరవై రోజులు. మీరు నకిలీదని రాసిస్తే చాలు. సెంటర్‌లో ఆమె పేరు తీసేస్తారు. ఇంకో ఇంట్లో ఇలా జరక్కూడదు కదా."

"నేను చూస్తాను. పగటి వెలుతురు కావాలి. ఆవిడ కూడా ఉండాలి."

"ఆమె ఎందుకు అంకుల్?"

"ఆవిడ గురించే కదమ్మా రాయమంటున్నారు."

సుజాత సరే అంది.

కిటికీ దగ్గర

మర్నాడు పొద్దున్న పదింటికి లేక్ గార్డెన్స్‌లో వాళ్ల ఫ్లాటుకి వెళ్లాను. పైడమ్మ అప్పటికే వచ్చి, కుర్చీ ఉన్నా కూర్చోకుండా తలుపు పక్కన నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన నేత చీర. ఊరేదని అడిగాను.

"మాది వాట్‌గంజే బాబూ. మా అత్తోరిది పలాస కాడ. తమరిదేటి?"

"నేనూ వాట్‌గంజ్‌లోనే పుట్టాను."

ఆమె మాట మా అమ్మ మాటలా ఉంది. అది నాకు ఇబ్బంది కలిగించింది. అందుకని సుజాతతో చెప్పాను: "మాదీ ఆవిడ పేటేనమ్మా. తరవాత తెలిసి మీరు బాధపడకూడదు."

"అయితే ఆమె వైపే చెప్తారా?"

"నేను చూసిన ప్రతిదీ మీకూ చూపిస్తాను. మీ కంటికి కనపడనిది రాయను. ఇష్టం లేకపోతే ఇప్పుడే వెళ్లిపోతాను."

"కూర్చోండి" అంది. పైడమ్మతో ఆ మాట అనలేదు. నేను కుర్చీ జరిపాను. పైడమ్మ దాని అంచు మీద కూర్చుంది.

బ్యాగును కిటికీ దగ్గర తెల్ల తువ్వాలు మీద పెట్టి, నోటుబుక్కు తెరిచి చూడటం మొదలుపెట్టాను. తోలు మంచిది, గట్టిగా ఉంది. జిప్పు కొత్తది, కింద పాత సూదిరంధ్రాలున్నాయి. మూత మీద కంపెనీ పేరు అచ్చు ఎడమవైపు లోతుగా, కుడివైపు తేలిగ్గా పడింది. లోపలి గుడ్డను అంచుల్లో కుట్టకుండా జిగురుతో అంటించారు. ఒక్కొక్కటీ సుజాతను దగ్గరికి పిలిచి చూపించాను. భూతద్దంలో చూసి "అచ్ఛా" అంటూ వచ్చింది.

మూత మీద, అచ్చుకి కాస్త కింద, గోరంత మచ్చ ఉంది. నెలవంక ఆకారం. పైన గీసుకున్నది కాదు. రంగు కింద, తోలులోనే ఉన్నది. పశువు బతికి ఉండగా దెబ్బ తగిలి మానిన గుర్తు. సుజాత చేత దాని మీద వేలు పెట్టించాను.

"పేరున్న కంపెనీ అయితే ఈ ముక్కను ముందు మూతకి వాడదమ్మా. ఇరవై ఆరేళ్లు ఇలాంటివి పక్కకు తీయడమే నా పని."

"అంటే నకిలీయే."

"ఆ కంపెనీ చేసింది కాదు. ఇక్కడే ఎక్కడో చేశారు."

సుజాత పైడమ్మ వైపు తిరిగింది. "విన్నావా?"

"ఇన్నానమ్మా."

"ఇప్పుడేం చెప్తావు?"

"నానేటి సెప్తాను. సెప్పేది ఉంటే ఇరవై దినాల కిందే సెప్దును."

నేను కలం కింద పెట్టలేదు. "అమ్మా, నేనింకా గీత కిందికి రాలేదు. మీరు నన్నడిగింది నకిలీదా అని. సెంటర్లో మీరన్నది మార్చేసిందని. రెండూ వేరు."

"నకిలీదైతే మార్చినట్టే కదా. నేను కొన్నది ఒరిజినల్ అని చెప్తున్నాను."

"ఈ బ్యాగుతో అమ్మగారి ఫొటో ఏదైనా ఉందా? పైడమ్మ రాకముందు తీసింది."

సుజాత ఫోన్‌లో వెతికింది. చాలాసేపు పట్టింది. తల్లి ఫొటోలు చూస్తూ వెతకడం అంటే ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. తొందర పెట్టలేదు. ఒక ఫొటో దగ్గర ఆగింది. హౌరా స్టేషన్లో బెంచీ మీద కమలగారు, ఒళ్లో బ్యాగు, పక్కన పూరీల పొట్లం. విశాఖపట్నం వెళ్లే బండి కోసం కూర్చున్నారట. తొమ్మిదేళ్ల కిందటిది.

"మూత పెద్దది చేసి చూడండమ్మా" అన్నాను.

రెండు వేళ్లతో పెద్దది చేసింది. ఫోన్ తెచ్చి బ్యాగు పక్కన పెట్టింది. ఒకసారి దీన్నీ, ఒకసారి దాన్నీ చూసింది. అచ్చుకి కాస్త కింద, అదే చోట, అదే నెలవంక.

అచ్చు కొట్టగలరు, జిప్పు మార్చగలరు, రంగు కలపగలరు. ఇంకో పశువుకి అదే చోట అదే దెబ్బ తగిలించి అలాగే మాన్పించలేరు. ఫ్యాక్టరీలో నేను సుద్ద గీసి పారేయించినవన్నీ ఇలాంటి గుర్తులే. ఈ బ్యాగు ఆ కంపెనీది కాదనీ, దీన్ని ఎవరూ మార్చలేదనీ, రెండు మాటలూ ఆ మచ్చే చెప్పింది.

"అయితే నేను కొన్నదే ఇది" అంది సుజాత నెమ్మదిగా. "ఆఫీసులో ఒకామె దుబాయ్ నుంచి తెచ్చానని అమ్మింది. మొదటి ఉద్యోగం. అమ్మకి ఇస్తే ఎంత..." అని ఆపేసింది.

అప్పుడు పైడమ్మ మాట్లాడింది. "అమ్మగోరికి తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"జిప్పు బాగు సేసినోడు సెప్పినాడు, ఇది లోకల్ మాలు అని. నానొచ్చి అమ్మగోరికి సెప్పినాను. నవ్వినారు. నాకెప్పుడో తెలుసే పైడీ, మా అమ్మాయి సంబరంగా తెచ్చినాది, దానికి మాత్రం సెప్పకు అన్నారు."

"మరి నేను అంతమంది ముందు నిన్ను దొంగ అన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా?"

"సెప్పొద్దన్నారు కదమ్మా. బతికున్నోలైతే ఎల్లి దెబ్బలాడి, నా మాట నాకిచ్చీండి అందును. పోయినోల కాడికి ఏటని ఎల్తాను?" నా వైపు చూసింది. "ఇప్పుడు నాను సెప్పినట్టు కాదు. ఈ బాబు సెప్పీసినారు."

సుజాత ముఖం చేతుల్లో పెట్టుకుంది. కింద వీధిలో చేపలవాడు అరుస్తున్నాడు.

ఆమె మీద నాకు కోపం రాలేదు. విజయ పోయిన నెలలో ఆమె కళ్లజోడు కనపడలేదు. ఇల్లు ఊడ్చే ఆవిడను అడిగాను. అడిగిన గొంతు నాకింకా గుర్తుంది. మూడో రోజు అది నేను చదువుతున్న పుస్తకంలోనే దొరికింది, పేజీ గుర్తుకు నేనే పెట్టుకున్నాను. మనిషి పోయినప్పుడు ఎవరో ఏదో ఎత్తుకుపోయారని అనిపిస్తుంది. ఆ ఎవరో మన చేతికి అందేవాళ్లు కారు. అందినవాళ్ల మీద పడతాం.

గీత కింద

గీత కింద ఇలా రాశాను: "ఇది అచ్చులో పేరున్న కంపెనీ తయారు చేసింది కాదు. తొమ్మిదేళ్ల నాటి ఫొటోలో ఉన్నదీ ఇదే బ్యాగు. జిప్పు తప్ప ఏదీ మార్చలేదు." సంతకం చేసి సుజాతకి ఇచ్చాను.

చదివి ఫోన్ తీసింది. "నేనిప్పుడే సెంటర్‌కి చెప్తాను."

"ఫోనులో ఒద్దమ్మా" అంది పైడమ్మ.

"ఎందుకు? ఇప్పుడే అయిపోతుంది కదా."

"అక్కడ బెంచీ మీద పదిమంది ఉండగా అన్నారు. ఆలకి ఫోను ఇనపడదు."

సుజాత ఫోన్ పక్కన పెట్టింది. "పద. ఇప్పుడే వెళ్దాం. అంకుల్, మీరు కూడా రాగలరా?"

వస్తానన్నాను. బయలుదేరబోతూ బ్యాగు ముందు ఆగింది. "దీన్నేం చెయ్యను? పారేయనా?"

"అమ్మకండి. అది తప్ప మీ ఇష్టం. తోలు మంచిది, ఇంకో పదేళ్లు వస్తుంది."

"పైడమ్మా, నువ్వు తీసుకుంటావా? అమ్మ గుర్తుగా."

"ఒల్లనమ్మా. ఖాళీదే అంత బరువు. అందులో డబ్బా, గొడుగు ఏస్తే నా బుజం ఊడిపోద్ది. అమ్మగోరు మాత్రం ఎలా మోసినారో." సుజాత నవ్వింది. ఆ పొద్దున నేను విన్న మొదటి నవ్వు అది. "మీరే ఏస్కోండి. మీరిచ్చినదే కదా."

సుజాత తన గుడ్డ సంచిలో ఉన్నవన్నీ, ఫోనూ తాళాలూ నీళ్ల సీసా, ఆ బ్యాగులోకి మార్చుకుని, నా కాగితం కూడా అందులోనే పెట్టుకుంది. కొత్త జిప్పు లాగి చూసింది. బాగానే నడిచింది.

సెంటర్ ఆటోలో పావుగంట దూరం. మేడ మీద ఒక గది, గోడవారన రెక్సిన్ బెంచీ, డ్యూటీ కోసం ఎదురుచూసే ఆడవాళ్లు ఎనిమిది తొమ్మిదిమంది. నడిపే ఆవిడను అందరూ మాలాది, అంటే మాలా అక్క, అంటారు. సుజాతను చూసి, పోలీసుల దాకా వెళ్తుందేమో అనుకుందో ఏమో, లేచి నిలబడింది.

సుజాత బెంచీ వైపు తిరిగి బెంగాలీలో మాట్లాడింది. పెద్దగా ఏమీ చెప్పలేదు. పైడమ్మ ఏదీ మార్చలేదని, బ్యాగు తాను కొన్నప్పుడే నకిలీదని, తాను పొరపాటుగా ఆమెను దొంగ అన్నానని, అది తన తప్పేనని చెప్పింది. ఒక ఆవిడ "ఆ రోజు మేం అనలేదా" అని పక్కనున్న ఆవిడతో అంది. పక్కనున్న ఆవిడ "నువ్వేం అనలేదు, అన్నది నేను" అంది. మాలాది నా కాగితం అడిగి తీసుకుంది. తెలుగు రాదు కాబట్టి నేను రాసింది చదవలేకపోయింది. చదివి వినిపిస్తానంటే, అక్కర్లేదు, ఆ అమ్మాయి నోటితో చెప్పింది చాలు అంది.

తరవాత పైడమ్మను అడిగింది: "బాలీగంజ్‌లో ఒక ముసలాయన ఉన్నారు. మంచి ఇల్లు. రేపు పొద్దున్న ఏడింటికి వెళ్లగలవా?"

"రేపు కాదు దీదీ, ఎల్లుండి" అంది పైడమ్మ.

మాలాది కొంచెం చిరాకు పడింది, కానీ ఎల్లుండే రాసుకుంది. మెట్లు దిగుతూ సుజాత అడిగింది: "రేపు ఏమైనా పనుందా? ఒంట్లో బాగోలేదా?"

"నాకేటి, గుండ్రాయిలాగున్నాను. ఇరవై దినాలు ఇంట్లో కూకున్నాను గానీ, ఒక్క దినం కూడా కుదురుగా కూకోలేదమ్మా. రేపొక్క దినం కూకుంటాను."